మాణిక్యమ్మ నలభై ఒక్క ఇళ్ళు

మాణిక్యమ్మ మా వాకిట్లో ఎన్నడూ "పాలు" అని కేక వెయ్యలేదు. కొలత గిన్నెతో డబ్బా మూత మీద రెండు దెబ్బలు కొట్టేది. ఆ చప్పుడుకి గౌలిపురాలో మా గల్లీ తలుపులు ఒకటొకటే తెరుచుకునేవి. ఇప్పటికీ ఆమెను తలుచుకుంటే ముఖం కన్నా ముందు ఆ రెండు దెబ్బలే జ్ఞాపకం వస్తాయి.

నేను అప్పట్లో సైదాబాదులో ఒక చిన్న గ్రంథాలయంలో పనిచేసేదాన్ని. పుస్తకం ఇవ్వడం, వెనక్కి తీసుకోవడం, తేదీ ముద్ర వెయ్యడం. మాట్లాడే పని తక్కువ, చదివే తీరిక ఎక్కువ. గొప్పవాళ్ళ జీవిత చరిత్రలు చాలానే చదివాను, సగం మరిచిపోయాను. పాలు పోసే మాణిక్యమ్మ సంగతి మాత్రం మరుపు రాలేదు.

ఆమెది చాంద్రాయణగుట్ట. నాలుగు బర్రెలు. పెళ్ళప్పుడు తండ్రి అరణంగా తోలించిన రెండు, వాటి కడుపున పుట్టిన రెండు. భర్త ఎల్లప్ప సైకిలుకు రెండు వైపులా డబ్బాలు కట్టుకుని లాల్‌దర్వాజ, గౌలిపురా, శాలిబండ గల్లీలు తిరిగేవాడు. పితకడం, పేడ ఎత్తడం, గడ్డి వెయ్యడం ఆమె పని. ఇళ్ళకు తిరగడం మగవాడి పని. వాళ్ళలో అలాగే నడిచేది. 1980 వానాకాలంలో ఎల్లప్ప కామెర్లతో పోయాడు. దినాలు అయిన మర్నాడు పొద్దున్నే మా వాకిట్లో మూత మీద రెండు దెబ్బలు వినిపించాయి. తలుపు తీస్తే, చంకలో డబ్బాతో మాణిక్యమ్మ.

"అప్పుడే వచ్చినవేంది మాణిక్యమ్మా? ఇంకో నాలుగు రోజులు ఆగకపోయినవా?" అన్నాను.

"బర్లకు దినాలు గిట్ల తెల్వయి గదమ్మా. పొద్దుగాల పొద్దుగాల పొదుగు నిండుతది," అంది. గిన్నె పట్టమన్నట్టు చూసింది. పోశాక ఎల్లప్ప ఎన్నడూ పొయ్యనంత కొసరు పోసింది.

పాలవాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. రోజూ ఒకరి దగ్గరే పాలు పోయించుకునే ఇంటిని వాళ్ళ "వాడిక ఇల్లు" అనేవారు. ఆ గడపలోకి ఇంకో పాలవాడు రాకూడదు. వాడిక ఇళ్ళు తండ్రి తర్వాత కొడుక్కి పోతాయి. కొడుకు లేకపోతే తమ్ముడికి. ఎల్లప్పకు ఉన్నది ఒక్క కూతురు. నలభై ఒక్క వాడిక ఇళ్ళు. తమ్ముడు బీరయ్య అయిదారు నెలలు ఊరుకున్నాడు. తరువాత ఒకనాడు వదినె ముందుకు వచ్చి అడిగేశాడు. ఆ మాటలు ఆమె నాకు అతని గొంతుతోనే చెప్పి చూపించింది.

"ఇండ్లు నాకియ్యి వదినె. మొగోళ్ళ పని నీకెందుకు? నీకు, పొల్లకు కడుపుకింత నేను పెట్టనా?"

"మరి నువ్వేమన్నవ్?" అని అడిగాను.

"ఇండ్లు పోతే పాలేడ పోసుకోవాలె? బర్లేం జెయ్యాలె? ఇయ్యనన్న. కులపెద్దల కాడికి పోయిండు. వచ్చే ఐతారం పంచాయితి." డబ్బా మూత తిప్పి తిప్పి పెట్టింది. "వైకుంఠం పెద్దనాయిన ఎట్లంటే గట్ల. ఆయిన గిట్ల బీరయ్య దిక్కు చెప్పిండనుకో, ఇగ అయిపోయినట్టే."

సరిగ్గా ఆ వారమే లీలమ్మ టీచరు మా గ్రంథాలయానికి ఒక కాగితాల కట్ట తెచ్చింది. ఆమె ఒక మహిళా సంఘంలో పనిచేసేది. ప్రపంచ దేశాలన్నీ కలిసి స్త్రీలకు అన్ని విషయాల్లో సమాన హక్కులు ఉండాలని ఒక ఒడంబడిక రాసుకున్నాయి. మన ప్రభుత్వం కిందటేడు దాని మీద సంతకం పెట్టింది. కానీ ఆమోదించలేదు. ఆమోదించమని ఢిల్లీకి ఒక విజ్ఞప్తి పంపాలి, దాని కింద ఆడవాళ్ళ సంతకాలు కావాలి. సోమవారం టపాలో వెయ్యాలి. సంఘం వాళ్ళు రెండు రోజులు శాలిబండలో తిరిగితే పందొమ్మిది సంతకాలు దొరికాయట.

"ఏ తలుపు కొట్టినా పర్దా వెనక నుంచి ఒకటే మాటండీ, 'ఘర్ మే మర్ద్ నై', ఇంట్లో మగవాళ్ళు లేరని. ఆడవాళ్ళతోనే పని అన్నా వినరు," అని లీలమ్మ టీచరు కాళ్ళు చాపుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున పాలు పోయించుకుంటూ మాణిక్యమ్మకు ఆ కాగితం చూపించాను. ఒక వేలిముద్ర వెయ్యమని అడుగుదామనే.

"సర్కారు సంతకం పెట్టిందంటివి. మళ్ళ ఆమోదమేంది?" అంది.

"సంతకం పెడితే ఇష్టమే అన్నట్టు. ఆమోదిస్తేనే దానికి కట్టుబడ్డట్టు."

ఒక్క క్షణం ఆలోచించింది. "అంటే పూలుపండ్లు అయినయి గని లగ్గం కాలె."

"అంతే. నిశ్చితార్థం వరకే అయింది."

"ముహూర్తం ఎప్పుడట?"

"అదే తెల్వదు. జల్ది పెట్టమని అడగనీకే ఈ సంతకాలు."

"పిలగాని దిక్కోళ్ళు సతాయిస్తున్నట్టుంది," అని నవ్వింది. "ఏం రాసిండ్రో జర చదువమ్మా. ఊకెనే ఏలు పెట్టను."

చదివాను. పెళ్ళయినా కాకపోయినా ఆడది తన పేరున ఆస్తి ఉంచుకోవచ్చు, దాన్ని తానే చూసుకోవచ్చు, తానే పని నడుపుకోవచ్చు, మగవానికి ఎంత హక్కో ఆమెకూ అంతే అన్న వాక్యం దగ్గర ఆపమంది. మళ్ళీ చదివించుకుంది. డబ్బా కింద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుని బొటనవేలు చాపింది. గ్రంథాలయం నుంచి తెచ్చిన స్టాంపు ప్యాడు మీద అద్దితే వేలు ఊదారంగు అయింది.

"కడుమ కాగితాలు నాకియ్యి. నా ఇండ్లల్ల పెట్టిపిస్త," అంది.

"పంచాయితి ముందర పెట్టుకుని నీకెందుకు ఈ తిరుగుడు?"

"తిరిగేదే గదమ్మా. పాలు పోసి ఊకెనే ఒస్తనా?"

ఆమె సౌకర్యం కోసం అనుకుని నేనొక పని చేశాను. గీతలు గీసిన నాలుగు కాగితాలు తీసుకుని, ఆమె తిరిగే వరసలోనే ఇళ్ళన్నీ చెప్పించుకుని రాశాను. ఒకటి, పుస్తకాలమ్మ ఇల్లు, అంటే మాది. రెండు, బావి పక్క ఇల్లు. మూడు, నీలం కిటికీలు. అలా నలభై ఒకటి. ఎదురుగా పేరుకూ సంతకానికీ జాగా వదిలాను. కట్టలో విజ్ఞప్తి అచ్చువేసిన కాగితం పైనున్నది ఒక్కటే. అది నలగకుండా నా దగ్గరే అట్టల మధ్య దాచాను. పుస్తకాల పట్టీలు రాసీ రాసీ నాకు వచ్చిన అలవాటు అది. ఎంత పెద్ద పొరపాటో అప్పుడు తోచలేదు.

మూడు రోజులు ఆమె పాల డబ్బాతో పాటు ఆ కాగితాలనూ ప్యాడునూ గుడ్డసంచిలో వేసుకుని తిరిగింది. సంఘం వాళ్ళకు తెరుచుకోని పర్దాలు ఆమెకు తెరుచుకున్నాయి. అసలు ఆమెకు పర్దాయే లేదు. తిన్నగా వంటింటి దాకా పోయేది. పొయ్యి పక్కన పీట వేసేవాళ్ళు. కావలసింది అడిగి ఏలకులు వేసిన చాయ్ తాగేది. ఎవరి పేరు వాళ్ళు రాస్తే సరే, రానివాళ్ళకు ఆ ఇంట్లోనే చదువుకున్న పిల్ల ఎవరైనా రాసి పెట్టేది.

శాలిబండలో నఫీస్ బేగం ఇల్లొక్కటే కష్టమైందట. పాతకాలపు భవంతి, పెద్ద దేవిడీలో మిగిలిన రెండు గదుల్లో ఉండే వయసు మళ్ళిన మనిషి. ఉర్దూలో చక్కని దస్తూరి. కాగితం అటూ ఇటూ తిప్పి, "యే కాగజ్ కాయ్కు?" అని, ఎందుకీ కాగితమని అడిగింది.

"దిల్లీకు జారా బేగం సాబ్. ఔరతాఁ కా హక్ పూఛ్‌రే," అని, ఆడవాళ్ళ హక్కు అడగడానికి ఢిల్లీకి పోతోందని చెప్పింది మాణిక్యమ్మ.

సంతకానికి బేగం ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది. తన చేతిరాత ఇక్కడి మగవాళ్ళ కంట పడకూడదు, ఆ కాగితం తిన్నగా ఢిల్లీకే పోవాలి. మాణిక్యమ్మ పాల డబ్బా మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టింది. బేగం సంతకం చేసింది. పక్కింటి ఇద్దరిని పిలిపించి వాళ్ళ చేతా చేయించింది.

శనివారానికి ముప్పై ఎనిమిది ఇళ్ళు అయ్యాయి. "రేపు పంచాయితి కాడికి రామ్మా. కాగితాలు అక్కడనే ఇస్త. నువ్వుంటే నాకు జర ధైర్యం," అంది.

వైకుంఠం గడ్డి అడ్డా చాంద్రాయణగుట్ట రోడ్డు పక్కన ఉండేది. పచ్చిగడ్డి మోపులు ఒకవైపు, వరిగడ్డి మరోవైపు. పెద్దమనుషులు అయిదుగురు గోనెసంచుల మీద కూర్చున్నారు. వైకుంఠానికి డెబ్బై దాటాయి. ముప్పై అయిదేళ్ళు చార్మినారు చుట్టుపక్కల పాలు పోసినవాడు. తెల్లమీసం, చేతిలో కర్ర. మాణిక్యమ్మ గోడవారగా నిలబడింది. నేను ఆమె పక్కన. ఆడవాళ్ళం మేమిద్దరమే.

బీరయ్య మొదలుపెట్టాడు. చెడ్డవాడేం కాదు. అడిగేది తనకు రావలసిందేనని నిజంగా నమ్మినవాడు.

"పెద్దనాయినా, నేను అడిగేది ఇంగొకటి ఉన్నది. ఈమె మా అన్న ఇండ్లను కాగితం మీద రాపిచ్చుకుంటున్నది. ఇంటింటికి పోయి ఏలుముద్రలు పెట్టిపిస్తున్నది. లాల్‌దర్వాజ కాడ నా కండ్లతోని చూసిన. పంచాయితి కాకముందే కోర్టు కచేరికి పోనీకె తయారైంది."

అందరూ ఆమె ఊదారంగు వేలు వైపు చూశారు.

"అవునా బిడ్డా?" అన్నాడు వైకుంఠం.

"కాగితాలున్నయి పెద్దనాయినా. గని కచేరికి కాదు."

"చూపియ్యి."

"చూపియ్య."

"చూపియ్యకుంటే తప్పు చేసినవనే అనుకుంటం. ఇంత లొల్లి ఎందుకు, చూపియ్యి."

ఆమె సంచిలోంచి కాగితాలు తీసింది. చేతికి ఇవ్వలేదు. రెండు చేతులా పట్టుకుని ఆయన కళ్ళ ముందు నిలబెట్టింది. కొంగు చివరతో పేర్ల వరసను కప్పింది. వైకుంఠం వంగి పైకి చదివాడు. "రెండు, బావి పక్క ఇల్లు... నీలం కిటికీలు... దేవిడి..." చదువుతూ చదువుతూ ఆయన గొంతు మారింది. "ఇవి ఎల్లప్ప ఇండ్లే గద! వరస సుత తప్పలే. ఎన్ని ఏలుముద్రలు పడ్డయి?"

"ముప్పై ఎనిమిది."

"కడుమ మూడు?"

"ఒకామె కానుపుకు పుట్టింటికి పోయింది. ఒక ఇంటికి తాళం. ఇంగొకామె మొగన్ని అడిగి పెడతనన్నది."

గడ్డిమోపుల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. వైకుంఠం కర్ర నేలకు ఆనించి వెనక్కి వాలాడు.

"ఇగ మనం జెప్పేదేమున్నది? ముప్పై ఎనిమిది ఇండ్లు మాకు ఈమెనే పాలు పొయ్యాలె అని ఏలు పెట్టినయి. పోయించుకునేటోళ్ళే చెప్పినంక పంచాయితి ఏంది?"

మిగతా నలుగురూ తలలు ఊపారు. నాకు అర్థమైంది. నేను రాసిన పట్టీని వాళ్ళు ఇళ్ళవాళ్ళు ఇచ్చిన తీర్పు అనుకున్నారు. అచ్చు కాగితం నా చేతి అట్టల మధ్య ఉంది. ఎవరికీ తెలియదు. ఆమె నోరు మెదపకుండా ఉంటే నలభై ఒక్క ఇళ్ళూ ఆమెవే.

"ఇటియ్యి బిడ్డా," అని వైకుంఠం చెయ్యి చాపాడు. "కులసంఘం పెట్టెల పెడత. రేపెవ్వడన్న అడిగితే చూపియ్యనీకె ఉంటది."

మాణిక్యమ్మ నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఏమీ అనొద్దని. ఢిల్లీకి పందొమ్మిది సంతకాలే పోనీ, నాలుగు కాగితాలు తక్కువైతే ప్రపంచం మునగదు. నా ఊపు ఆమె చూసింది. కాగితాలు మడిచి రొమ్ముకు ఆనించుకుంది.

"ఇయి ఇండ్ల కాగితాలు కావు పెద్దనాయినా," అంది. "ఢిల్లీకి పోయే కాగితాలు. నా ఇండ్ల సంగతి వీటిల ఒక్క ముక్క లేదు. పెట్టెల పెడితే నేను ఒట్టు తప్పినట్టయితది."

అడ్డా అంతా ఒక్కసారి గోల. "చూసిండ్రా! చూసిండ్రా!" అని బీరయ్య లేచాడు. "మనల్ని ఉల్లు జేయనీకె చూసింది."

"ఆమె ఏడ జేసిందిరా? మనకు మనమే పిచ్చోళ్ళమైనం. ఆమె కాదని చెప్పవట్టె," అన్నాడు వైకుంఠం. నా వైపు తిరిగాడు. "అమ్మా, నీకెరికేనా? ఏందా ఢిల్లీ ముచ్చట?"

నలుగురిలో గట్టిగా మాట్లాడడం నాకు ఆ రోజుకీ ఈ రోజుకీ చేతకాదు. అట్టల మధ్య నుంచి అచ్చు కాగితం తీసి చదివాను. ఆస్తి, పని, హక్కు ఉన్న ఆ వాక్యం దగ్గర మాణిక్యమ్మ, "గది ఇంకోపారి చదువమ్మా, బీరయ్యకు సక్కగ ఇనవడలే," అంది. చదివాను.

"ఢిల్లీల రాసుకుంటె ఇక్కడ అయితదా?" అన్నాడు బీరయ్య.

"ఢిల్లీల ఇంకా కాలేదంట. లగ్గం బాకి ఉన్నది," అంది మాణిక్యమ్మ.

వైకుంఠం నవ్వలేదు. కర్రతో నేల మీద గీతలు గీశాడు.

"ఆ దేవిడిల సంతకం యాడ పెట్టిపిచ్చినవ్ బిడ్డా?"

"వంటింట్ల. బేగం సాబ్ పీట మీద కూసోని పెట్టింది."

"వంటింట్ల." ఆయన ఆ మాట తనలో తాను మళ్ళీ అనుకున్నాడు. "ఆ ఇంటికి ఎల్లప్ప కంటె ముందుగాల నేనే పోసిన, చాతకాక వానికిచ్చిన. పద్దెనిమిదేండ్లు. పర్దా కిందికెల్లి ఒక చెయ్యి ఒస్తుండె, చేతిల గిన్నె. పోస్తుంటి. ఆ చెయ్యి ఎవరిదో ఇయ్యాల్టికి నాకు తెల్వదు. బీరయ్యా, నువ్వు పోతె యాడ ఆగుతవ్?"

"పర్దా కాడనే గద. లోపటికెట్ల పోత?"

"ఏమంటది బేగం నీ గురించి?" అని వైకుంఠం మాణిక్యమ్మను అడిగాడు.

మాణిక్యమ్మ కొంచెం సిగ్గుపడింది. "పర్దా అవతల పోసినప్పుడు నీళ్ళెన్నో పాలెన్నో అల్లాకే ఎరుక, ఇప్పుడు నా కండ్ల ముందర పోస్తున్నవ్ అంటది. తప్పుగ అనుకోకు పెద్దనాయినా."

ఈసారి అందరూ నవ్వారు. వైకుంఠం మీసం కింద కూడా కదిలింది.

"అనుకుంట, ఎందుకనుకోను," అన్నాడు. "ముప్పై ఎనిమిది ఇండ్ల ఆడోళ్ళు ఎరగని ఢిల్లీ ముచ్చటకు ఈమె మాట మీద ఏలు పెట్టిండ్రంటే, పాల కాడ ఈమెను ఇడుస్తరా? చేతికొచ్చిన తీర్పును కాదని నిజం జెప్పింది. ఇండ్లు ఈమెవే. బీరయ్యా, నీ ఇండ్లు నీకున్నయి. ఆ, ఎల్లప్ప సైకిలు నీకాడనే ఉన్నది గద? ఇచ్చెయ్యి."

"ఆమె తొక్కుతదా?"

"తొక్కదు. నూకుతది. డబ్బాలు సైకిలు మోస్తది. నీకేం ఫికర్?"

మాణిక్యమ్మ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి గడ్డిలో కూర్చుంది. కాగితాలు ఒళ్ళో పెట్టుకుని పెద్దగా ఊపిరి వదిలింది. ఆరు నెలలుగా ఆ ఊపిరి లోపలే ఉన్నట్టు. నేనూ పక్కన కూర్చున్నాను. నా చీరంతా గడ్డి అయింది. ఇద్దరం ఎందుకో నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాం.

"తల ఎందుకూపినవమ్మా?" అంది కొంతసేపటికి.

"భయమేసింది."

"నాకెయ్యలేదా!"

సోమవారం పొద్దున ఆమె రావలసిన వేళకు రాలేదు. టపా వేళ మించుతోందని నేను వాకిట్లోనే నిలబడ్డాను. గల్లీ మలుపులో సైకిలు గొలుసు చప్పుడు. ఎల్లప్ప సైకిలును గుర్రాన్ని నడిపించినట్టు పక్కన నడుస్తూ తోసుకొస్తోంది. దారి పొడుగునా ప్రతి ఇంట్లోనూ ఆగి పంచాయితి కథ చెప్పాల్సి వచ్చిందట. తాళం వేసిన ఇంటివాళ్ళు ఊరి నుంచి వచ్చారని ఆ సంతకం కూడా పెట్టించుకొచ్చింది. ముప్పై తొమ్మిది. నా గిన్నెలో పాలు అంచు దాకా పోసి, పొంగి పొర్లుతుంటే కూడా ఇంకో చుక్క వేసింది. నేను కాగితాలన్నీ కలిపి కుట్టి, సైదాబాదు వెళ్ళేటప్పుడు టపాలో వేశాను.

ఢిల్లీ నుంచి జవాబేమీ రాలేదు. ప్రభుత్వం ఆ ఒడంబడికను ఆమోదించిన వార్త పన్నెండేళ్ళకు, తొంభై మూడులో, పేపరు లోపలి పేజీలో చిన్నగా పడింది. మా ముప్పై తొమ్మిది ఇళ్ళ వల్ల అయిందని అనుకునేంత అమాయకత్వం నాకు లేదు. అయినా పేపరు చేతిలో పట్టుకుని చాంద్రాయణగుట్ట బస్సెక్కాను. మాణిక్యమ్మ జుట్టు సగం నెరిసింది. కూతురు పెళ్ళయినా తల్లి దగ్గరే ఉండి బర్రెలు చూసుకుంటోంది. వాడిక ఇళ్ళు కూతురివే ఇప్పుడు. ఆ సంగతికి ఎవరూ పంచాయితి పెట్టలేదు.

"లగ్గమైంది మాణిక్యమ్మా," అన్నాను, వార్త చూపిస్తూ.

ఏ లగ్గమో అర్థం కావడానికి ఆమెకు క్షణం పట్టింది. తరువాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "పన్నెండేండ్లకా! పప్పన్నం ఏది మరి?"

నవ్వు తగ్గాక అడిగింది, "నఫీస్ బేగంకు చెప్పినవా?"

"లేదు."

"ఒట్టు పెట్టింది నేను గద," అని చెప్పులు వెతుక్కుంది. "పా, పోయి చెప్పొద్దాం. చాయ్ సుత దొరుకుతది."